జిల్లా కాదమ్మాయ్, డిస్ట్రిక్టే

అమ్మాయ్,

నువ్వు అక్కడి పార్కుల చరిత్ర మీద వ్యాసం రాసి వాట్సాప్‌లో పంపిన పద్నాలుగు పేజీల పీడీఎఫ్ నిన్న రాత్రి భోజనం అయ్యాక కూర్చుని మొత్తం చదివా. చిన్న ఫాంటు కదా, మధ్యలో రెండుసార్లు కళ్ళజోడు మార్చాల్సొచ్చింది. "అంకుల్, మొహమాటం లేకుండా చెప్పండి" అన్నావు కాబట్టి చెప్తున్నా, తర్వాత అలగకూడదు మరి.

ముందు పేరు సంగతి. కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు వైపు పార్కులు నడిపే ఈస్ట్ బే రీజనల్ పార్క్ డిస్ట్రిక్ట్‌ని నువ్వు "తూర్పు అఖాత ప్రాంతీయ ఉద్యానవన జిల్లా" అని రాశావ్. చదవగానే నవ్వొచ్చింది తల్లీ. ఇది మన నరసరావుపేటలో ఎవరైనా చదివితే కలెక్టర్ ఆఫీసు ఎక్కడుందండీ అని అడుగుతారు. అది జిల్లా కాదు, ఒకే ఒక్క పని కోసం జనం ఓటేసి పెట్టుకున్న సంస్థ, దానికి సొంత బోర్డు, సొంత పన్ను. మనవాళ్ళకి అర్థం కావాలంటే గ్రంథాలయ సెస్సు గుర్తుచెయ్యి. ఇంటి పన్ను రసీదులో రూపాయికి ఎనిమిది పైసలు లైబ్రరీకని పడుతుంది చూడు, దాదాపు అలాంటిదే, కాకపోతే లైబ్రరీ బదులు కొండలూ చెరువులూ. తేడా ఏంటంటే మన సెస్సు చట్టంలో రాసి వేశారు, మనల్ని ఎవరూ అడగలేదు (వసూలు చేసి లైబ్రరీకి ఇవ్వకుండా బకాయి పెట్టే మున్సిపాలిటీల గొడవ వేరే, అందులోకి వెళ్తే ఈ ఉత్తరం తెమలదు). అక్కడ జనాన్ని అడిగారు, వాళ్ళు సరే అన్నారు. నీ వ్యాసం మొత్తం ఈ ఒక్క ముక్క మీద నిలబడాలి. నువ్వేమో "ప్రభుత్వం ఏర్పాటు చేసింది" అని రాసుకుంటూ పోయావ్, నేను లెక్కపెట్టా, పద్దెనిమిది సార్లుంది. పద్దెనిమిదీ కొట్టెయ్. కొట్టేసిన ప్రతిచోటా ఎవరు చేశారు, ఎవరి జేబులోంచి పోయింది అని నిన్ను నువ్వే అడుగు.

నేనూ ఈ తప్పు చేశాలే. నాకు ముప్పై ఏళ్ళప్పుడు మా ఊరి లైబ్రరీ యాభయ్యేళ్ళ సంచిక నన్ను రాయమన్నారు. అధ్యక్షులందరి పేర్లూ, ఎవరు ఏ తారీకున ప్రమాణం చేశారూ, ఏ ఏడు ఎన్ని బీరువాలు కొన్నారూ అన్నీ రాశా, చాలా గొప్పగా రాశాననుకున్నా కూడా. ఆవిష్కరణ సభ అయ్యాక అటెండర్ దగ్గరకొచ్చి "సార్, వరదొచ్చిన రాత్రి పుస్తకాలు అటక మీదకి ఎత్తింది నేనూ మా ఆవిడా, అది వేశారా" అన్నాడు. వెయ్యలేదు. నాకసలు తెలీదు, అడిగితే కదా తెలియడానికి. ఆ సంచిక ఇప్పటికీ ఇంట్లో ఉంది, తెరవబుద్ధి కాదు.

సరే, నీ దాంట్లో మొదలు ఎక్కడ పెట్టాలంటే డిస్ట్రిక్ట్‌కి ఓటు పడిన 1934లో కాదు, నీళ్ళ దగ్గర పెట్టు. ఓక్లండ్, బర్కిలీ వెనక కొండలన్నీ ఒకప్పుడు ప్రైవేటు నీళ్ళ కంపెనీ చేతిలో ఉండేవి, కొండల మధ్య రిజర్వాయర్లు, వాటి చుట్టూ ఎవరూ ఇల్లు కట్టకుండా ఖాళీ నేల. 1923లో జనం ఈస్ట్ బే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ అని నీళ్ళ కోసం ఇంకో సంస్థ పెట్టుకున్నారు, అది ఆ కంపెనీని కొనేసింది, దాదాపు 90 మైళ్ళ అవతల మొకలమీ నది మీద పార్డీ డ్యామ్ కట్టి 1929లో గొట్టాల్లో నీళ్ళు తెచ్చేసింది. ఇక అన్ని కొండలు ఎందుకు? సుమారు 10 వేల ఎకరాలు మిగులు తేలింది. పట్నం పక్కన మిగులు భూమి అంటే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా, లేఅవుట్ వేస్తారు, రాళ్ళు పాతుతారు, ఆదివారం ఫ్రీ బస్సు పెట్టి సైటు చూపిస్తారు. మా కాలనీలో పార్కుకని ప్లాన్‌లో చూపించిన పదిశాతం స్థలం ఏమైందో నేను కళ్ళారా చూశా, అక్కడిప్పుడు రెండు మూడంతస్తుల మేడలున్నాయి. అక్కడ అలా కాకపోవడానికి కారణం కొందరు మొండివాళ్ళు. రాబర్ట్ సిబ్లీ అని బర్కిలీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ ప్రొఫెసర్, కొండలెక్కే పిచ్చి, ఆయనా ఆయన స్నేహితులూ కలిసి ఆ భూమి పార్కులకే ఉంచాలని పట్టుబట్టారు. 1930లో పార్కుల ప్లాన్లు గీసే ఓమ్‌స్టెడ్ బ్రదర్స్ సంస్థా, నేషనల్ పార్కుల శాఖలో పనిచేసే ఏన్సెల్ హాల్ కలిసి ఏ కొండ ఎందుకు ఉంచాలో రిపోర్టు రాసిచ్చారు. నీళ్ళ సంస్థని మీరే పార్కులు నడపండి అంటే మా పని కాదు అనేసింది. అందుకే వేరే డిస్ట్రిక్ట్ పుట్టింది, దాని కోసం 1933లో రాష్ట్రం చట్టం చెయ్యాల్సొచ్చింది. ఈ "మా పని కాదు" అన్న ముక్క నీ డ్రాఫ్ట్‌లో లేనే లేదు. నాకైతే కథంతా దాంట్లోనే ఉంది.

ఇప్పుడు ఓటు. 1934 నవంబర్ 6. అదెలాంటి టైమో తెలుసుగా, మహా మాంద్యం, ఉద్యోగాల్లేవు, సూప్ కోసం క్యూలు. అలాంటప్పుడు ఏడు ఊళ్ళ జనాన్ని పార్కుల కోసం కొత్త పన్ను కడతారా అని అడిగారు, ఆస్తి విలువ ప్రతి 100 డాలర్లకీ 5 సెంట్లు. 93,405 మంది ఊ అన్నారు, 37,397 మంది ఊహూ అన్నారు. నువ్వు "71 శాతం మద్దతుతో" అని ఒక్క వాక్యంలో దాటేశావ్. అలా కాదు, ఇంటి విలువ 4000 డాలర్లని లెక్కకట్టిన వాడికి ఏడాదికి రెండు డాలర్లు పడుతుంది, ఆ రెండు డాలర్లతో అప్పుడు ఏమొచ్చేదో పాత పేపర్ల ప్రకటనల్లో వెతుకు, లైబ్రరీలో మైక్రోఫిల్మ్ ఉంటుంది. అలాగే ఆ ముప్పై ఏడు వేల మందిని వెధవల్లా చూపించకు. వాళ్ళకీ ఇంట్లో పిల్లలున్నారు, చేతిలో డబ్బుల్లేవు. వద్దన్నవాళ్ళ బాధ కూడా రాస్తేనే ఊ అన్నవాళ్ళ ఓటు విలువ తెలుస్తుంది.

తర్వాత భూమి బేరం. ఒక ప్రజాసంస్థ ఇంకో ప్రజాసంస్థకి అమ్మడమే కదా అనుకుంటాం, అయినా 1936కి గానీ తెగలేదు. 2,166 ఎకరాలు, 6,56,544 డాలర్లు. ఎకరం మూడొందల చిల్లర. దాంతోనే ఇప్పుడు టిల్డెన్, టెమెస్కల్, సిబ్లీ అంటున్న మూడు పార్కులూ మొదలయ్యాయి. మొదటి బోర్డులో, టిల్డెన్ పార్కుకి ఎవరి పేరు పెట్టారో ఆ చార్లెస్ లీ టిల్డెన్‌తో పాటు మిల్స్ కాలేజీ ప్రెసిడెంట్ ఆరేలియా రైన్‌హార్ట్ అనే ఆవిడా, బర్కిలీ పోలీస్ చీఫ్‌గా చేసిన ఆగస్ట్ వాల్మర్ కూడా ఉన్నారు, ఒక పోలీసాయన పార్కుల బోర్డులో ఎందుకు కూర్చున్నాడో నాకు భలే ఆసక్తి, నువ్వు తవ్వు. ఇంకో తమాషా చూడు, పక్కనున్న కాంట్రా కోస్టా కౌంటీ (మన జిల్లా లాంటిది అక్కడ కౌంటీ) ఆ ఓటులో కలవలేదు, వాళ్ళు చాలావరకు చేరింది 1964లో. కానీ టిల్డెన్ పార్కు ఎక్కువ భాగం ఉన్నది ఆ కౌంటీ నేలలోనే! పన్ను కట్టేది ఒకళ్ళు, కొండ ఉన్నది ఇంకొకళ్ళ గడప ముందు. ఇలాంటివి దొరికితే వదలకూడదు.

ఒక తప్పు దిద్దుకోవాలి. మూడో పేజీలో లేక్ ఎలిజబెత్‌ని కూడా డిస్ట్రిక్ట్ ఖాతాలో వేశావ్. అది ఫ్రీమాంట్ సిటీ వాళ్ళది. మా అబ్బాయి దగ్గరకి వచ్చినప్పుడు ఆర్నెల్లు ఆ చెరువు చుట్టూనే తిరిగా, మనలాంటి తల్లిదండ్రులే సగం మంది, మోకాళ్ళ నొప్పులూ మనవల చదువులూ తప్ప ఇంకో మాట ఉండదు. కోయోటీ హిల్స్, క్వారీ లేక్స్, మిషన్ పీక్ ఇవి డిస్ట్రిక్ట్‌వి. బోర్డు మీద ఎవరి పేరుందో చూసి రాయి. కోయోటీ హిల్స్‌కి వెళ్ళినప్పుడు చూడు, అక్కడ ఓలోనీ వాళ్ళ, అంటే ఆ నేల మీద మొదట్నుంచీ ఉన్న ఆదివాసుల, పాత ఊరి దిబ్బ ఉంది, రెండు వేల ఏళ్ళకి పైబడింది, కాబట్టి "ఖాళీ భూమి" అనే మాట నువ్వూ నేనూ కూడా కాస్త చూసుకుని వాడాలి.

1978 ప్రొపొజిషన్ 13, ఆస్తి పన్నుకి కళ్ళెం, డిస్ట్రిక్ట్ ఆదాయం సుమారు సగం పోవడం, ఇదంతా నువ్వు మూడు పేజీలు రాశావ్, ఒక పేరా చాలు. 1988లో 22.5 కోట్ల డాలర్ల బాండ్లకి మూడింట రెండొంతుల ఓట్లు కావాల్సొస్తే వచ్చాయి, అదీ ఒక వాక్యం. 2008 దగ్గర మాత్రం ఆగు. నవంబర్‌లో, బ్యాంకులు కూలిపోతున్న నెలల్లో, 50 కోట్ల డాలర్ల బాండ్లకి మళ్ళీ ఊ అన్నారు. 1934 పక్కన పెట్టి చూడు, రెండుసార్లూ జేబులు ఖాళీగా ఉన్నప్పుడే. అలాగని పొంగిపోయి రాయకు, పన్ను రేటు పెరగదు, ఉన్నదే కొనసాగుతుంది అని చెప్పి అడిగారు, ఆ మాట దాచేస్తే నువ్వు కథ చెప్తున్నట్టు కాదు, బ్రోచర్ రాస్తున్నట్టు.

చెట్ల గురించి నువ్వు "పచ్చదనంతో కళకళలాడుతున్న" అని రాశావ్, అది తీసెయ్. ఆ కొండల మీద జామాయిల్ తోటలు ఎందుకున్నాయో చెప్పు. 1910 ప్రాంతంలో ఫ్రాంక్ హేవెన్స్ అనే రియల్ ఎస్టేట్ ఆసామి కలప అమ్ముకుందామని లక్షల్లో నాటించాడు, తీరా చూస్తే ఆ కర్ర పనికిరాలేదు. మన ప్రకాశం జిల్లా రైతుకి ఈ కథ చెప్తే ఒక నిట్టూర్పు విడిచి ఇంకో కథ చెప్తాడు.

ఒకసారి రెడ్‌వుడ్ రీజనల్ పార్కుకి పోయి రా, శనివారం వద్దు, మామూలు రోజు వెళ్ళు. అక్కడి పెద్ద చెట్లు ఎంత ఎత్తుండేవంటే ఓడలవాళ్ళు శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో బ్లాసమ్ రాక్ అనే మునిగున్న బండకి తగలకుండా వాటినే గురిగా పెట్టుకునేవాళ్ళట, అలాంటి చెట్లని 1860 కల్లా మొత్తం నరికేశారు. ఇప్పుడున్నవి పిలకలు. అరటిచెట్టు కొట్టేస్తే మొదట్లోంచి పిలకలొస్తాయి చూడు, అలా పాత మోడు చుట్టూ గుండ్రంగా లేచి నూట యాభయ్యేళ్ళకి ఆకాశానికి తాకుతున్నాయి, నడుమ మాత్రం ఖాళీ, నేలంతా మెత్తగా ఎర్రటి పొట్టు. నేను ఒక గుండ్రం మధ్యలో నిలబడి లెక్కపెట్టడం మొదలెట్టా, పదకొండు దాకా వచ్చా, ఈలోపు మా వాడు పార్కింగ్‌లో హారన్ కొట్టాడు, మీటింగుందట. నువ్వెళ్ళినప్పుడు మిగతావి లెక్కపెట్టి నాకు రాయి.