పాపమని పని తగ్గించకండి

సాఫ్ట్‌వేర్ కంపెనీలో, తెర వెనక సర్వర్లూ డేటాబేస్‌లూ చూసుకునే ఎనిమిది మంది బ్యాకెండ్ టీమ్‌కి కొత్తగా లీడ్ అయ్యానన్నారు. అందులో ఇద్దరు అమ్మాయిలు, ఒకావిడ వచ్చే నెల మెటర్నిటీ లీవ్ ముగించుకుని తిరిగొస్తోంది, ఇంకో అమ్మాయి ఫ్రెషర్, మీటింగుల్లో నోరు విప్పదు, వాళ్ళకి నిజంగా ఉపయోగపడాలంటే ఏం చేయాలని అడిగారు. నేను ఇదే హైదరాబాద్‌లో, ఇదే రంగంలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. డెవలపర్‌గా మొదలై, బిడ్డ పుట్టాక తిరిగి వచ్చి, ఇప్పుడు ఒక టీమ్‌ని నడుపుతున్నాను. చూసినవీ పడినవీ కలిపి చెప్తాను.

అన్నిటికన్నా ముందు, టీమ్‌లో ఏ పని ఎవరి చేతికి వెళ్తోందో గమనించండి. మార్చి 8న మహిళా దినోత్సవమని చేసే సంబరాలు చేసుకోండి, తప్పేం లేదు. కానీ ఒక అమ్మాయి ఈ రంగంలో నిలబడుతుందా లేదా అన్నది తేలేది స్ప్రింట్ ప్లానింగ్‌లో, అంటే రాబోయే కొన్ని వారాల పని వేసుకునే చోట, మీరు పంచే టికెట్ల (విడి పనుల) దగ్గర.

నా అనుభవంలో ఆడవాళ్ళని వెనక్కి నెట్టింది ఎక్కువగా చెడ్డవాళ్ళు కాదు. జాలిపడ్డ మంచివాళ్ళు. "పాపం, చంటిపిల్ల ఉంది, నైట్ రిలీజ్ ఎందుకులే." "ఇంట్లో సంబంధాలు చూస్తున్నారట, ఆన్‌సైట్ అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకు." "ప్రొడక్షన్ ఇష్యూ అంటే అర్ధరాత్రి ఫోన్లొస్తాయి, వేరేవాళ్ళకి ఇద్దాం." (రిలీజ్ అంటే కొత్త కోడ్‌ని జనం వాడే సిస్టమ్‌లోకి పంపడం, ప్రొడక్షన్ అంటే ఆ సిస్టమే, ఆన్‌సైట్ అంటే క్లయింట్ ఉన్న చోటికి వెళ్ళి పనిచేయడం.) ఇవన్నీ మంచి మనసుతో అనే మాటలే. ఆ అమ్మాయిని మాత్రం ఎవరూ అడగరు. ఏడాది తిరిగి అప్రైజల్ వచ్చేసరికి, జాలిపడిన ఆయనే "క్రిటికల్ పనులు పెద్దగా చేయలేదు, ఓనర్‌షిప్ కనబడలేదు" అని రాస్తారు. చేసే అవకాశం ఎవరు తీసేశారన్నది అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

నాకు సరిగ్గా ఇలాగే జరిగింది. లీవ్ నుంచి తిరిగి వెళ్ళేసరికి నా లాగిన్ పనిచేయడం లేదు, యాక్సెస్‌లన్నీ పోయాయి. నేను రాసిన కోడ్‌ని వేరే రిపాజిటరీకి (కోడ్ దాచే చోటికి) మార్చారు. ఆన్‌కాల్ రోస్టర్‌లో, అంటే ఏ వేళ సమస్య వచ్చినా చూసేవాళ్ళ వంతుల పట్టీలో, నా పేరు లేదు, ఇతరుల కోడ్ తనిఖీ చేసే రివ్యూయర్ల జాబితాలోనూ లేదు. పాత ఏపీఐలకి (ప్రోగ్రామ్‌లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే దారులకి) డాక్యుమెంటేషన్ రాయమన్నారు. "కొన్నాళ్ళు తేలిగ్గా ఉంటుందిలే అమ్మా" అన్నారు. రాత్రుళ్ళు నిద్ర లేని రోజులు కాబట్టి మొదట్లో హాయిగానే అనిపించింది. ఆ కొన్నాళ్ళు ఎప్పటికి అయిపోతాయో మాత్రం ఎవరూ చెప్పలేదు. నెలలు గడిచాయి. నేను అడిగినప్పుడల్లా "తొందరేముంది" అనేవారు. నా చేతి కింద ట్రైనింగ్ తీసుకున్న కుర్రాడు నా సర్వీస్‌కి (సిస్టమ్‌లో నేను చూసుకున్న ప్రోగ్రామ్‌కి) ఓనర్ అయ్యాడు. అతని మీద నాకే కోపమూ లేదు, బాగా చేశాడు కూడా. కానీ ఆ ఏడాది నాకొచ్చిన రేటింగ్ చూశాక అక్కడ ఇక ఉండబుద్ధి కాలేదు.

తర్వాత చేరిన చోట లీడ్ నన్నడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: "ఈ రిలీజ్ మీరు తీసుకుంటారా? తీసుకుంటే టైమింగ్ ఎలా ఉంటే మీకు కుదురుతుంది?" అది చెల్లింపుల సర్వీస్. అక్కడ రిలీజ్ అంటే రాత్రి పదకొండు దాటాకే. డేటాబేస్‌లో పెద్ద టేబుల్ మారిస్తే అది లాక్ అయిపోవచ్చు, మార్పు అయ్యేదాకా దాన్ని వాడలేం, సర్వీస్ కాసేపు ఆపాలి, అందుకని జనం లావాదేవీలు తగ్గే వేళ చూసుకునేవాళ్ళు. పగలే చేసేలా పద్ధతి మారుద్దామా అన్నాను. చేసి చూపించమన్నారు.

మార్పుని ముక్కలు చేశాం. ముందు కొత్త కాలమ్‌ని ఖాళీగా చేర్చాం. తర్వాతి రిలీజ్‌లో కోడ్ పాత కాలమ్‌లోనూ కొత్తదాంట్లోనూ రాసేలా పెట్టాం. పాత రికార్డులని ఒక బ్యాక్‌గ్రౌండ్ జాబ్ కొన్ని కొన్నిగా నింపుకుంటూ పోయింది. లెక్కలు సరిపోయాయని చూసుకున్నాక ఫీచర్ ఫ్లాగ్‌తో (కోడ్‌లో పెట్టే ఆన్-ఆఫ్ స్విచ్‌తో) కొత్త కాలమ్ నుంచి చదవడం మొదలుపెట్టాం, ముందు కొద్దిమందికి, ఆ తర్వాత అందరికీ. తేడా వస్తే ఫ్లాగ్ ఆపేస్తే చాలు, పాత దారి అలాగే ఉంది. చివర్లో పాత కాలమ్ తీసేశాం. సర్వర్లని ఒక్కొక్కటిగా అప్‌డేట్ చేశాం కాబట్టి సర్వీస్ ఆగలేదు. చివరి అడుగు కూడా మధ్యాహ్నం మూడింటికి, టీమ్ అంతా సీట్లలో ఉండగా అయిపోయింది. ఆ తర్వాత మా టీమ్‌లో రాత్రి రిలీజ్‌లు చాలావరకు తగ్గిపోయాయి. వాళ్ళ నాన్నగారిని డయాలసిస్‌కి తీసుకెళ్ళే ఒక సహోద్యోగి వచ్చి నాకు ప్రత్యేకంగా థాంక్స్ చెప్పారు.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, అడ్డంకి ఎక్కడుందో చూడండి. రాత్రి పదకొండుకి ఆడమనిషి ఉండలేకపోవడం సమస్య అనుకుంటే ఆమెని పక్కన పెడతారు. రాత్రి పదకొండుకి తప్ప రిలీజ్ చేయలేకపోవడం సమస్య అనుకుంటే సిస్టమ్ బాగుపడుతుంది, ఆమె పేరు మీద ఒక మంచి పనీ ఉంటుంది.

ఇక తిరిగొస్తున్న ఆవిడ సంగతి. రావడానికి ముందే ఆమె లాగిన్, యాక్సెస్‌లు, రివ్యూయర్ల జాబితా సరిచూడండి. ఈ మధ్య ఏమేం మారాయో రెండు పేజీల్లో రాసిపెట్టండి. మొదటి స్ప్రింట్‌లోనే నిజమైన ఫీచర్ ఒకటి, చిన్నదైనా సరే, ఆమె పేరున పెట్టండి. ఎవరినైనా జతగా ఇవ్వండి, అడిగిందానికి విసుక్కోకుండా చెప్పేవాళ్ళని. ఆన్‌కాల్‌లోకి ఎప్పుడు వస్తారని ఆమెనే అడగండి. రెండు నెలలు ఆగుతానంటే తేదీ రాసుకుని, ఆ తేదీకి మళ్ళీ అడగండి. తేలిక పని ఇవ్వడం తప్పు కాదు, అది ఎప్పుడు అయిపోతుందో చెప్పకపోవడం తప్పు.

చట్టం ఏం చెప్తుందో కూడా తెలిసి ఉండాలి, హెచ్‌ఆర్ చూసుకుంటుందిలే అని వదిలేయకండి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకి ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకి పెరిగింది. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉన్న సంస్థకి క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) వసతి ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసి రావచ్చు. పని స్వభావాన్ని బట్టి, సెలవు అయ్యాక ఇంటి నుంచి పని చేయడం గురించి ఇద్దరూ మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు. క్రెష్ గచ్చిబౌలిలో, ఇల్లు నిజాంపేటలో ఉన్నప్పుడు ఏడు నెలల బిడ్డని ఆ ట్రాఫిక్‌లో రోజూ తిప్పలేం. అందుకే చాలామంది అమ్మ దగ్గరో అత్తగారి దగ్గరో వదిలి వస్తారు. అంటే ఆఫీసులో పాలు పిండుకోవడానికి తాళం పడే గది కావాలి, వాటిని పెట్టుకోవడానికి ఫ్రిజ్ కావాలి. నేను మొదట పనిచేసిన చోట ఆ గది తాళం సెక్యూరిటీ దగ్గర ఉండేది, ప్రతిసారీ ఎందుకో చెప్పి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ఆ సిగ్గుకి టాయిలెట్‌లో నిలబడి పనికానిచ్చిన తల్లులు నాకు తెలుసు. మీరొక మెయిల్ రాసి ఆ రిజిస్టర్ తీసేయించగలరు. ఆమె క్యాలెండర్‌లో ఆ అరగంట బ్లాక్ అయి ఉంటే దాని మీద మీటింగ్ పెట్టకండి, కారణం అడగకండి.

మీటింగ్ వేళలు కూడా ఒకసారి చూడండి. అమెరికా తూర్పు తీరంవాళ్ళకి వేసవిలో పొద్దున తొమ్మిదంటే మనకి సాయంత్రం ఆరున్నర. ఎప్పుడూ మనమే సర్దుకోనక్కర్లేదు, వారం మార్చి వారం అవతలివాళ్ళని తొందరగా రమ్మని అడగండి. మా క్లయింట్ ఒక్క మాటతో ఒప్పుకున్నారు, అంతకుముందు ఎవరూ అడగలేదంతే. అలాగే టీ కొట్టు దగ్గర తేలిపోయిన డిజైన్ నిర్ణయాలు. నలుగురు మగపిల్లలు కిందికి వెళ్ళి వచ్చేసరికి ఏ క్యూ (సందేశాలని వరసలో పెట్టే సాఫ్ట్‌వేర్) వాడాలో ఖాయమైపోతుంది. టీ మానమని కాదు, పైకి వచ్చాక టీమ్ ఛానెల్‌లో రాసి, మిగతావాళ్ళు అభిప్రాయం చెప్పేదాకా దాన్ని ఖాయం చేయకండి.

మినిట్స్ రాయడం, బర్త్‌డే కేకులు, బతుకమ్మ ఏర్పాట్లు, కొత్తగా చేరినవాళ్ళకి అన్నీ చూపించడం, ఇవి ఎవరి మీద పడుతున్నాయో ఒక నెల గమనించండి. వంతులు వేయండి. కొత్తవాళ్ళకి నేర్పించే పనిని అప్రైజల్‌లో పనిగానే రాయండి.

జీతం గురించి చాలామంది ఆడవాళ్ళు అడగరు, అడిగితే దురుసు అంటారు. 2014లో కంప్యూటర్ రంగంలోని మహిళల కోసం జరిగే గ్రేస్ హాపర్ సెలబ్రేషన్ సదస్సు వేదిక మీద మన హైదరాబాదీ, మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ళ, ఇంక్రిమెంట్ అడగడం కన్నా వ్యవస్థ మీద నమ్మకం ఉంచడం మేలన్నట్టు చెప్పారు, అడగకపోవడం మంచి కర్మ అన్నారు. వేదిక మీద ఆయన్ని ప్రశ్నలడుగుతున్న మరియా క్లావే ఒప్పుకోలేదు. పెద్ద దుమారం రేగాక, తన జవాబు పూర్తిగా తప్పని ఆయనే ఉద్యోగులకి రాశారు. ఆ వ్యవస్థ అంటే ఎవరో కాదు, మీలాంటి లీడ్‌లే. ఆమె అడిగేదాకా ఆగకండి. "కష్టపడుతుంది" అని రాస్తే ఇంక్రిమెంట్ రాదు. ఏ సర్వీస్‌ని ఎంత వేగం చేసింది, ఏ అవుటేజ్‌ని (సర్వీస్ ఆగిపోవడాన్ని) ఎలా ఆపింది, అది రాయండి.

ఒకవేళ మీ మేనేజర్ "ప్రతి టీమ్‌లో ఒక అమ్మాయి ఉండాలి" అని మీ టీమ్‌లోని ఆ ఇద్దరు అమ్మాయిలనీ విడదీస్తానంటే గట్టిగా వద్దనండి. ఒక్కతే ఉండడం చాలా బరువు. మన దేశపు తొలి మహిళా ఇంజినీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత తెలుగావిడ. పద్ధెనిమిదేళ్ళకే భర్త పోయి, చంకలో పసిపాపతో, మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి 1943లో పట్టా తీసుకున్నారు. తర్వాత కలకత్తాలో కరెంటు లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్ చేశారు. కాలేజీ హాస్టల్లో ఆమె ఒంటరితనం చూసి అక్కడే ప్రొఫెసర్ అయిన తండ్రి పప్పు సుబ్బారావు గారు ఇంకా అమ్మాయిలని చేర్చుకునేలా చేశారు. అలా లీలమ్మ జార్జ్, పి.కె. థ్రేసియా సివిల్‌లో చేరారు. ఆ తండ్రికి అప్పుడే అర్థమైంది మనకి ఇప్పటికీ అర్థం కావడం లేదు.

భద్రత గురించి రెండు మాటలు. రాత్రి పని తప్పనప్పుడు క్యాబ్ బుక్ అయ్యేలా మీరే చూడండి. చివరి డ్రాప్ అమ్మాయిది కాకూడదు, తప్పకపోతే గార్డు ఉండాలి. పని చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదుకి మూడు నెలల గడువు. ఆఫీస్ ఏర్పాటు చేసిన క్యాబ్, పని మీద వెళ్ళిన ఊరు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. ఎవరైనా వచ్చి మీతో చెప్పుకుంటే, "నేను మాట్లాడి సర్దుబాటు చేస్తాను" అనకండి. వినండి, నమ్మండి, కమిటీ ఎక్కడుందో చెప్పండి, రాయడానికి సాయం కావాలంటే చేయండి. మధ్యవర్తిత్వం మీ పని కాదు.

ఇంకొకటి, మీ టీమ్‌లో మగవాళ్ళకి బిడ్డ పుడితే కంపెనీ ఇచ్చే సెలవు మొత్తం వాడుకోమని చెప్పండి. ప్రైవేటు రంగంలో దానికి చట్టం లేదు, కంపెనీ దయ మీదే ఉంది, అది కూడా చాలామంది మొహమాటంతో సగంలో వచ్చేస్తారు. తండ్రులూ సెలవు పెట్టడం మామూలైపోతే, పెళ్ళైన అమ్మాయిని తీసుకోవాలా వద్దా అని ఇంటర్వ్యూ ప్యానెల్‌లో గొణిగేవాళ్ళు తగ్గుతారు.

ఫ్రెషర్ అమ్మాయి మాట్లాడట్లేదన్నారు. మీటింగ్‌లో హఠాత్తుగా "నువ్వేమంటావమ్మా" అని అందరి ముందూ అడగకండి, ఇంకా ముడుచుకుపోతుంది. చాలామంది తెలుగు మీడియంలో చదివి వస్తారు, విషయం తెలిసినా ఇంగ్లీషు దగ్గర తడబడతారు. ఒక చిన్న మాడ్యూల్ పూర్తిగా ఆమెకి ఇవ్వండి. డిజైన్ రెండు రోజుల ముందే రాసి పంపమనండి, దాని మీద ప్రశ్నలు రాతలోనే అడగండి. మీటింగ్‌లో దాని గురించి ఎవరు అడిగినా "అది ఆమెది, ఆమె చెప్తుంది" అని మీరు ఆగండి. తెలుగులో చెప్తే తెలుగులోనే వినండి. మధ్యలో ఎవరైనా అందుకుంటే "ఆమెని పూర్తి చేయనివ్వు" అని మామూలు గొంతుతో అనండి. మా టీమ్‌లో ఇలా మొదలైన అమ్మాయి మొదట్లో రివ్యూ కామెంట్‌కి జవాబు రాయడానికి కూడా భయపడేది. ఇప్పుడు చెల్లింపుల సర్వీస్‌లో నా కోడ్‌నే వెనక్కి పంపుతుంది, చాలాసార్లు తన మాటే సరైనది.