రోహిణి ఎండను మన పశువులు ఎలా తట్టుకుంటాయి?

జంతువుల అనుకూలనాలు వాటి మనుగడకు ఎలా తోడ్పడతాయో మీ అమ్మాయి ప్రాజెక్టు కోసం అడిగారు. పాఠంలో ఉన్న ఒంటె, ధ్రువపు ఎలుగుబంటి కాకుండా ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో కళ్లారా చూడగలిగిన ఉదాహరణలు కావాలన్నారు. మాది కందుకూరు ప్రాంతం, పశువులను మేపుకొనే కుటుంబం. ఒకే ఊళ్లో, ఒకే ఎండలో బతికే ఒంగోలు ఆవు, గేదె, నెల్లూరు గొర్రె ఆ వేడిని మూడు వేర్వేరు పద్ధతుల్లో ఎదుర్కొంటాయి కాబట్టి, వీటిని మించిన ఉదాహరణలు అక్కరలేదని నా అభిప్రాయం.

ముందుగా సమస్య ఏమిటో పాపకు అర్థం కావాలి. ఈ మూడింటి శరీర ఉష్ణోగ్రత సుమారు 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో మన దగ్గర గాలి వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు ఒంట్లోని వేడి బయటికి పోయే బదులు బయటి వేడే ఒంట్లోకి చేరుతుంది. అప్పుడు చెమట రూపంలోనో, ఊపిరి ద్వారానో తేమ ఆవిరి కావాలి, లేదంటే పశువు నీళ్లలోకి దిగాలి.

ఒంగోలు ఆవు ప్రధానంగా చెమట మీద ఆధారపడుతుంది. యూరప్ జాతుల కంటే మూపురం గల జాతులకు స్వేద గ్రంథులు పెద్దవిగా, చర్మం పైపొరకు దగ్గరగా ఉంటాయి. మెడ కింద వేలాడే గంగడోలు, వదులైన చర్మం వల్ల గాలి తగిలే వైశాల్యం పెరుగుతుంది. దగ్గరికి వెళ్లి మెడ మీది వెంట్రుకలను వేళ్లతో పాయ తీసి చూడండి. పైకి పాలలా తెల్లగా కనిపించే ఆవుకు లోపలి చర్మం నల్లగా ఉంటుంది. పొట్టిగా, నున్నగా ఉన్న తెల్లని వెంట్రుకలు ఎండను చాలావరకు వెనక్కి తిప్పికొడతాయి, వాటిని దాటి వచ్చిన అతినీలలోహిత కిరణాలను నల్లని చర్మం అడ్డుకుంటుంది. అలా చూస్తుండగా ఈగ వాలిందంటే, తోక అందని చోట కూడా చర్మం ఆ ఒక్క భాగంలోనే గజగజ వణికి దాన్ని లేపేస్తుంది. చర్మం అడుగున ఉన్న పలుచని కండరం చేసే పని అది. మూపురంలో నీళ్లుంటాయని చాలామంది పిల్లలు రాస్తుంటారు, దయచేసి అది రాయనివ్వకండి. ఒంగోలు పశువు మూపురం చాలావరకు కండరమే, అందులో కొంత కొవ్వు ఉంటుంది.

ఈ లక్షణాల విలువ సంకర జాతి ఆవును పక్కన కట్టేసినప్పుడు తెలుస్తుంది. మే నెల మధ్యాహ్నం మా పాకలో జెర్సీ సంకరపు ఆవు నోరు తెరిచి, నాలుక చాపి రొప్పుతూ మేత ముట్టకుండా నిలబడితే, అదే పాకలో ఒంగోలు ఆవు తాపీగా నెమరు వేస్తుండేది. వేడి దేశమైన బ్రెజిల్ పశుపోషకులు మన పశువులను 19వ శతాబ్దం నుంచి 1960ల ఆరంభం వరకు తీసుకువెళ్లి అభివృద్ధి చేసుకున్నదీ ఇందుకే. అక్కడ ఆ జాతిని మన నెల్లూరు పేరుతో ‘నెలోరి’ అనే పిలుస్తారు.

గేదె సంగతి వేరు. నల్లని ఒళ్లు, పలుచని వెంట్రుకలు, ఆవుతో పోలిస్తే చాలా తక్కువ స్వేద గ్రంథులు ఉన్న ఈ పశువును ఎండలో కట్టేస్తే త్వరగా వేడెక్కుతుంది. అందుకే అది చెరువు వెతుక్కుంటుంది. ఒంటికి అంటిన బురద ఆరేదాకా చల్లదనం ఇవ్వడమే కాక ఈగలను, జోరీగలను దూరంగా ఉంచుతుంది. అనుకూలనం అంటే అవయవ నిర్మాణం ఒక్కటే కాదు, ప్రవర్తన కూడా అందులో భాగమేనని పాపకు చెప్పడానికి గేదె చాలు.

నెల్లూరు గొర్రె మన దేశంలోని గొర్రె జాతులన్నింటిలో ఎత్తైనది. పొడవైన కాళ్లు బీళ్ల వెంట దూరాలు నడిచి మేయడానికి పనికొస్తాయి. దక్కన్ పీఠభూమి గొర్రెలకు గొంగళ్లు నేసేంత ఉన్ని ఉంటుంది. మన గొర్రెకు మేకలా పొట్టి బొచ్చే ఉంటుంది కాబట్టి రాత్రి కూడా ఉక్కపోత తగ్గని తీరంలో ఒంటి వేడి లోపలే చిక్కుకుపోదు. గొర్రె చెమట కంటే ఊపిరి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. వేగంగా శ్వాసించినప్పుడు ముక్కు లోపల చల్లబడిన రక్తం తిరిగి వస్తూ, మెదడుకు వెళ్లే రక్తనాళాల అల్లికను తాకి ఆ రక్తాన్ని కూడా చల్లబరుస్తుంది. చెట్టు నీడ లేని చోట మిట్టమధ్యాహ్నం మందను గమనిస్తే, ఒకదాని పొట్ట కిందికి మరొకటి తల దూర్చి గుంపుగా నిలబడి ఉంటాయి. పక్క గొర్రె నీడలో తలను కాపాడుకుంటాయన్నమాట.

ఈ లక్షణాలను ఏ పశువూ కావాలని తెచ్చుకోలేదు. ఎండను తట్టుకున్నవి ఎక్కువ పిల్లలను కనడం వల్ల తరతరాలుగా స్థిరపడ్డాయి. పెంపుడు పశువులు కాబట్టి రైతుల ఎంపిక కూడా దానికి తోడైంది.

ప్రాజెక్టుకు బొమ్మలు అతికించడం కంటే, కాపరిని అడిగి నీడలో పడుకున్న ఒక గొర్రె డొక్క కదలికలను ఉదయం ఏడు గంటలకు, మధ్యాహ్నం రెండు గంటలకు ఒక్కో నిమిషం చొప్పున వారం పాటు లెక్కించి, ఆ వేళల ఉష్ణోగ్రతతో కలిపి పట్టిక వేయించండి. చల్లని వేళ నిమిషానికి 20, 30 దగ్గర ఉండే శ్వాస తీవ్రమైన ఎండలో నూరు దాటుతుంది. గొర్రెను తరమకూడదు, పరుగెత్తితే లెక్క తప్పుతుంది.