ఊరు మారితే పది వేల డాలర్లట, వెళ్ళమంటారా?

ప్రశ్న: మేడం, మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. నాది హెచ్1బి వర్క్ వీసా, గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది. మన్‌హట్టన్‌లోని కంపెనీ, పని మాత్రం ఇప్పుడు పూర్తిగా ఇంటి నుంచే. నా భార్య హెచ్4 ఈఏడీ (హెచ్1బి వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) మీద ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో చేస్తోంది. పాప రెండో తరగతి. ఓక్లహోమాలోని టల్సాకు మారితే పది వేల డాలర్లు ఇస్తారని ఫ్రెండ్ చెప్పాడు. అద్దె బాగా తగ్గుతుంది, న్యూయార్క్ పన్ను బెడదా వదులుతుంది. ఇది నిజమేనా, మోసమా? నిజమైతే అప్లై చేయమంటారా?

జవాబు: మోసం కాదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళను ఆ ఊరికి రప్పించే ఈ పథకం పేరు టల్సా రిమోట్, 2018లో మొదలైంది. సొమ్ము జార్జ్ కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్‌ది. కైజర్ ఆ ఊళ్ళోనే చమురులోనూ బ్యాంకింగ్‌లోనూ సంపాదించిన మనిషి. మీ జీతం బయటి నుంచి వస్తుంది, అద్దె, కిరాణా, పాప డాన్స్ క్లాసు ఫీజు మాత్రం టల్సాలో ఖర్చవుతాయి. వాళ్ళకు కావలసింది అదే. నాలుగు లక్షల జనాభా ఉన్న ఊరికి ఫ్యాక్టరీని రప్పించడం కన్నా ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చే మనిషిని రప్పించడం తేలిక కదా! వెర్మాంట్ రాష్ట్రం 2018లోనే ఇందుకు చట్టం చేసింది. కాన్సస్‌లో టొపీకా, అలబామాలో షోల్స్ ప్రాంతం కూడా ఇదే దారి పట్టాయి. వాయవ్య ఆర్కాన్సా వాళ్ళయితే 2020లో పది వేలతో పాటు సైకిలు కూడా ఇస్తామన్నారు. సైకిలు సంగతి చదివి నేనూ నవ్వుకున్నాను.

ఇక డబ్బు సంగతి. ఆ పది వేలు పన్ను కట్టాల్సిన ఆదాయమే. మీ ఇద్దరి సంపాదన కలిపి 22 శాతం శ్లాబులో ఉందనుకుంటే ఫెడరల్ పన్నుకే 2,200 పోతుంది. ఓక్లహోమా పన్ను కూడా తీసేస్తే చేతికి మిగిలేది 7,300 దరిదాపు. పోనీ, ట్రక్కు ఖర్చు చూపించి పన్ను తగ్గించుకుందామంటే, ఇల్లు మారే ఖర్చుకు ఫెడరల్ మినహాయింపు 2018 నుంచే పోయింది. మిలిటరీ వాళ్ళలాంటి కొందరికి తప్ప మనలాంటి వాళ్ళకు లేదు.

న్యూయార్క్ పన్ను వదులుతుందని రాశారు చూడండి, అక్కడ ఆగాలి. కంపెనీ న్యూయార్క్‌ది అయి, మీరు మీ వీలు కోసం ఇంకో రాష్ట్రంలో కూర్చుని పనిచేస్తే, ఆ జీతం న్యూయార్క్‌లో సంపాదించినట్టే ఆ రాష్ట్రం లెక్కేస్తుంది. దీన్ని కన్వీనియెన్స్ రూల్ అంటారు. టల్సా వెళ్ళినా ఆ రూల్ మీ వెంటే వస్తుంది. కంపెనీయే తన అవసరం కోసం మిమ్మల్ని అక్కడ పెట్టిందని చూపగలిగితే వేరు. మీ విషయంలో అలా లేదు, తాయిలం చూసి మీరే బయల్దేరుతున్నారు.

వీసా సంగతి మీ ఫ్రెండ్ మీకు చెప్పలేదనుకుంటా. హెచ్1బి మీద ఇంటి నుంచి పనిచేస్తే ఆ ఇల్లే వర్క్‌సైట్. ఎడిసన్ నుంచి టల్సాకు మారడమంటే మెట్రో ప్రాంతమే మారిపోవడం. కొత్త ఎల్‌సీఏ (జీతం, పని ప్రదేశం చూపిస్తూ కార్మిక శాఖ నుంచి కంపెనీ తీసుకునే పత్రం) తీసుకుని, మీరు కదలకముందే కంపెనీ మీ హెచ్1బికి అమెండ్‌మెంట్, అంటే సవరణ, ఫైల్ చేయాలి. 2015లో సిమియో అనే కంపెనీ కేసులో ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన నిర్ణయంతో ఇది ఖాయమైపోయింది. ఫైల్ చేశాక వెళ్ళొచ్చు, అప్రూవల్ దాకా ఆగక్కర్లేదు. కానీ హెచ్ఆర్‌కి చెప్పకుండా ముందు వెళ్ళిపోయి తర్వాత చూసుకుందాం అనుకుంటే మాత్రం మీ స్టేటస్‌కే ముప్పు. పైగా మీ పెర్మ్ (గ్రీన్‌కార్డుకు మొదటి మెట్టయిన లేబర్ సర్టిఫికేషన్) వేసింది ఇక్కడి పని ప్రదేశం మీద. మీ ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు క్యూలో మీ స్థానం, పోదు గానీ, గ్రీన్‌కార్డు ఉద్యోగం ఇకపై టల్సాలోనే అంటే పెర్మ్ మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి రావచ్చు. కంపెనీ లాయరుతో ఆ మాట ముందే తేల్చుకోండి.

ఇవన్నీ సర్దుకున్నాయనే అనుకుందాం. నేను అడిగేది ఒకటే: ఈ ఉద్యోగం పోతే టల్సాలో రెండో ఉద్యోగం ఏది? లేఆఫ్ అయితే మీకున్నది గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా హెచ్1బి ట్రాన్స్‌ఫర్ చేసే కంపెనీ దొరకాలి. ఎడిసన్ చుట్టూ కన్సల్టెన్సీలు, బ్యాంకులు, ఫార్మా కంపెనీలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. టల్సాలో అన్ని తలుపులు లేవు. రిమోట్ ఉద్యోగమే మళ్ళీ వెతుక్కుంటానంటారేమో! ఆఫీసుకు రమ్మని పిలుస్తున్న ఈ రోజుల్లో దాని మీద వీసాను పణంగా పెట్టమని నేను చెప్పను.

మీ ఉత్తరంలో మీ ఆవిడ అభిప్రాయం ఎక్కడా లేదు. ఆమెది ల్యాబ్ ఉద్యోగం, ఇంటి నుంచి చేసేది కాదు. ఈఏడీ ఎక్కడైనా చెల్లుతుంది గానీ ఉద్యోగం కొత్తగా వెతుక్కోవాలి. ఆమె మూడు నాలుగు నెలలు ఖాళీగా ఉంటే ఆ 7,300 అక్కడే కరిగిపోతుంది. మీ పది వేల లెక్కలో ఆమె జీతం ఏ గడిలో రాశారు?

ఇళ్ళు చవకన్నది నిజమే. అయితే వడగళ్ళూ టోర్నడోల మూలంగా ఇంటి ఇన్సూరెన్స్ దేశంలోనే అతి ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో ఓక్లహోమా ఒకటి. ఇల్లు కొనాలనుకుంటే ముందు ఆ కొటేషన్ తెప్పించుకోండి.

నా సలహా: ఇప్పుడు వద్దు. గ్రీన్‌కార్డు వచ్చాక, మీ ఆవిడకు అక్కడి హాస్పిటల్లో ఆఫర్ చేతికొచ్చాక, పది వేలు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ ఊరు మీకు నచ్చితే వెళ్ళండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై ఆరేళ్ళు, ఇక్కడే పుట్టాడు, ఇంకా పెళ్ళి కాలేదు. రిమోట్ ఉద్యోగం. డబ్బులిస్తారని వెస్ట్ వర్జీనియా వెళ్తానంటున్నాడు. కొండలెక్కడం వాడి పిచ్చి. ఎలా ఆపాలి?

జవాబు: ఆపకండమ్మా. వీసా గొడవ లేదు, స్కూలు గొడవ లేదు. 2021లో మొదలైన అసెండ్ వెస్ట్ వర్జీనియా 12,000 డాలర్లు ఇస్తుంది, కాకపోతే రెండేళ్ళలో విడతలుగా. ఏడాదికే విసుగొచ్చి వచ్చేస్తే చివరి విడత అందదని వాడికి గుర్తుచేయండి. ఇంకొకటి, ఆ రాష్ట్రంలో పేరోల్ నడపడానికి వాడి కంపెనీ ఒప్పుకోవాలి. కొన్ని కంపెనీలు ఒప్పుకోవు. హెచ్ఆర్ నుంచి సరేనని ఈమెయిల్ వచ్చాకే ఉన్న అపార్ట్‌మెంట్‌కు నోటీసు ఇమ్మనండి.