అమ్మాయిని క్వేకర్ యూత్ క్యాంప్‌కి పంపొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. ఇప్పుడు ఫిలడెల్ఫియా దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయి ఈ ఏడాది పదకొండో గ్రేడ్‌లోకి వెళ్తుంది. స్కూల్ ఫ్రెండ్‌తో కలిసి వేసవిలో మూడు వారాల క్వేకర్ యూత్ క్యాంప్‌కి వెళ్తానంటోంది. పొద్దున మతానికి సంబంధించిన చదువు, ఆ తర్వాత వాలంటీర్ పని అట. మతం మారుస్తారేమోనని మా వారికి భయం. ఆ టైమ్ శాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష) కోచింగ్‌కో, రీసెర్చ్ ఇంటర్న్‌షిప్‌కో పెడితే అడ్మిషన్‌కి పనికొస్తుంది కదా అని నా టెన్షన్. మేం హెచ్1బీ మీద ఉన్నాం, తనది డిపెండెంట్ వీసా, హెచ్4. ఏం చేయమంటారు?

జవాబు: పంపమనే చెప్తానండీ. అయితే ఫీజు కట్టే ముందు మీ వారి అనుమానం తీరాలి. అది తీసిపారేయాల్సిన అనుమానం కాదు. క్యాంప్ వాళ్లనే నేరుగా అడిగి తేల్చుకోవచ్చు.

క్వేకర్లది 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్ బోధనలతో మొదలైన క్రైస్తవ శాఖ. మీరుంటున్న పెన్సిల్వేనియాను స్థాపించిన విలియం పెన్ కూడా క్వేకరే. ఇప్పుడు క్వేకర్లందరూ ఒకే తీరుగా లేరు, మీకు ముఖ్యమైన విషయం ఇదే. ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఎక్కువగా కనిపించేది ఉదారవాద శాఖ. వాళ్ల ప్రార్థనలో పాస్టర్ ఉండరు, ప్రసంగం ఉండదు. అందరూ సుమారు గంటసేపు మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా చెప్పాలనిపిస్తే లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు. వీళ్ల క్యాంపులకు వేరే మతాల పిల్లలు, ఏ మతమూ పాటించని ఇళ్ల పిల్లలు కూడా వస్తుంటారు. ఎవాంజెలికల్ శాఖ పద్ధతి వేరు. అక్కడ పాస్టర్లుంటారు, బైబిల్ బోధన ఉంటుంది, ఏసును రక్షకుడిగా అంగీకరించమని పిలుపు కూడా ఉండొచ్చు. క్వేకర్లు తమను ‘ఫ్రెండ్స్’ అని పిలుచుకుంటారు. రెండు శాఖల పేర్లలోనూ అదే ఉంటుంది కాబట్టి పేరు చూసి పోల్చుకోలేరు. ‘మీ క్యాంప్ ఏ ఇయర్లీ మీటింగ్ (ఒక ప్రాంతంలోని క్వేకర్ల ఉమ్మడి సంస్థ) కింద నడుస్తోంది? అది ఫ్రెండ్స్ జనరల్ కాన్ఫరెన్స్‌లో ఉందా, ఎవాంజెలికల్ ఫ్రెండ్స్ చర్చ్‌లో ఉందా?’ అని అడగండి. మొదటిది ఉదారవాద శాఖది, రెండోది ఎవాంజెలికల్ శాఖది. కిందటి ఏడాది రోజువారీ షెడ్యూల్ కూడా పంపమనండి. పంపడానికి వెనకాడితే ఆ క్యాంప్ వద్దు.

ఉదారవాద శాఖ క్యాంప్ అయితే, అక్కడ చదివే విషయాలు మీ అమ్మాయికి చాలా మేలు చేస్తాయని నా నమ్మకం. ఉదాహరణకి జాన్ వూల్మన్ జీవితం తీసుకోండి. 18వ శతాబ్దంలో న్యూజెర్సీలో బట్టలు కుట్టి బతికిన మనిషి ఆయన. బానిసల అమ్మకం కాగితాలు రాయనన్నాడు. బానిసలున్న తోటి క్వేకర్ల ఇళ్లకే వెళ్లి, గొంతు పెంచకుండా, ఏళ్ల తరబడి నచ్చజెప్పాడు. ఆయన 1772లో చనిపోయాడు. నాలుగేళ్లకు, 1776లో, ఫిలడెల్ఫియా క్వేకర్లు తమ సభ్యులెవరూ బానిసలను ఉంచుకోకూడదని తీర్మానించారు. పదహారేళ్ల పిల్ల ఇలాంటి జీవితం గురించి తోటివాళ్లతో కూర్చుని మాట్లాడటం నాకు చాలా విలువైన చదువుగా అనిపిస్తుంది.

వాలంటీర్ పనికీ పెద్ద చరిత్రే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నాశనమైన వెర్డన్ ప్రాంతంలో 1920లో పియర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీర్ వేర్వేరు దేశాల యువకులను కూడగట్టి ఒక ఊరు బాగుచేయడానికి పూనుకున్నాడు. వాలంటీర్లు ఒకచోట కలిసి ఉండి పనిచేసే వర్క్‌క్యాంప్ పద్ధతికి అదే నాంది అంటారు. తర్వాత క్వేకర్లలో చేరిన ఈయన 1934 బీహార్ భూకంపం తర్వాత మన దేశానికి వచ్చి, ఊళ్లు మళ్లీ కట్టే పనిలో చేయి వేశాడు. 1947 నోబెల్ శాంతి బహుమతి వచ్చింది కూడా బ్రిటన్, అమెరికా క్వేకర్ల సేవాసంస్థలకే.

ఇక అడ్మిషన్ సంగతి. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో యాక్టివిటీలు పది రాయొచ్చు, ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలే. మూడు వారాల క్యాంప్ అందులో ఒక లైను. అంతకుమించి ఆశించకండి. వేల డాలర్లు కట్టి చేరే ‘రీసెర్చ్ ఇంటర్న్‌షిప్’ కూడా ఒక లైనే. శాట్ చదువుకి క్యాంప్‌కి ముందూ తర్వాతా వేసవి మిగిలే ఉంటుంది. హావర్‌ఫర్డ్, స్వార్త్‌మోర్ కాలేజీలను స్థాపించింది క్వేకర్లే అయినా, ఈ క్యాంప్‌కి వెళ్లినంత మాత్రాన అక్కడ సీటు దగ్గరవుతుందనుకోవద్దు.

నేను పంపమనడానికి అసలు కారణం వేరు. క్వేకర్లలో ఎవరైనా ఉద్యోగం, పెళ్లి లాంటి పెద్ద నిర్ణయం దగ్గర ఆగిపోతే, నలుగురైదుగురు వాళ్లతో కూర్చుంటారు. దాన్ని క్లియర్‌నెస్ కమిటీ అంటారు. సలహా ఇవ్వకూడదు, ప్రశ్నలు మాత్రమే అడగాలి. ఆ ప్రశ్నల్లో జవాబు దాచి పెట్టకూడదు. ఈ వయసు పిల్లకి సలహా చెప్పేవాళ్లు మన ఇళ్లలో పెదనాన్న దగ్గర్నుంచి పక్కింటి ఆంటీ దాకా ఉంటారు. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టేవాళ్లు మాత్రం తక్కువ. మీ అమ్మాయి వెళ్లే క్యాంప్‌లో ఇలాంటిది ఏదైనా ఉందేమో తప్పకుండా కనుక్కోండి.

వాలంటీర్ పని గురించి కూడా వివరంగా అడగండి. ఫుడ్ బ్యాంకా, పాత ఇళ్ల రిపేరా, వృద్ధుల దగ్గర పనా? రోజుకెన్ని గంటలు? రోజూ రాత్రి రెండు లైన్లు రాసుకోమని అమ్మాయికి చెప్పండి: ఏ పని చేస్తే టైమ్ తెలియలేదు, ఏ పని ఎప్పుడైపోతుందా అనిపించింది. పబ్లిక్ హెల్త్, సోషల్ వర్క్, సిటీ ప్లానింగ్ లాంటి మేజర్లు (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టులు) తనకు సరిపోతాయో లేదో ఆ కాగితాలు చూస్తే కొంత తెలుస్తుంది. కంప్యూటర్ సైన్సే కావాలని తేలినా మంచిదే.

హెచ్4 మీద మీరు ఫీజు కట్టి క్యాంప్‌కి పంపడంలో ఇబ్బంది లేదు. వచ్చే ఏడాది అక్కడే జీతానికి కౌన్సెలర్‌గా (క్యాంప్‌లో పిల్లల్ని చూసుకునే పని) చేస్తానంటే మాత్రం కుదరదు. డిగ్రీ తర్వాత క్వేకర్ వాలంటరీ సర్వీస్ అని ఏడాది ప్రోగ్రామ్ ఒకటుంది. అందులో స్టైపెండ్ ఇస్తారు కాబట్టి అప్పటి స్టేటస్‌ని బట్టి ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగాలి.

అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ గుర్తింపు ఉందా, స్టాఫ్‌కి బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేశారా, ఫోన్ తీసేసుకుంటారా, శాకాహారం పెడతారా అన్నవి కూడా అడగండి. ఫీజు భారమైతే మొహమాటపడకండి, చాలా క్వేకర్ క్యాంపుల్లో ఆదాయాన్ని బట్టి తగ్గిస్తారు.

చివరగా మీ వారికి ఒక మాట చెప్పండి. దగ్గర్లోని ఉదారవాద క్వేకర్ మీటింగ్‌హౌస్‌కి (వాళ్ల ప్రార్థనా స్థలం) ఒక ఆదివారం అమ్మాయితో కలిసి వెళ్లి, ఆ మౌనంలో కూర్చుని రమ్మనండి. ఎవరైనా వెళ్లొచ్చు. అదయ్యాక కూడా ఆయనకి మనసొప్పకపోతే, వద్దని చెప్పేది ఆయనే అయి ఉండాలి, కారణం కూడా అమ్మాయికి ఆయనే చెప్పాలి.