సన్నటి ఒంటికి సరైన చొక్కా: మేనల్లుడికి ఒక ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. బరంపురంలో ఉద్యోగంలో చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. చొక్కాలు కొందామని కొట్లన్నీ తిరిగి, ఏదీ ఒంటికి నిలవడం లేదని ఉత్తచేతులతో గదికి వచ్చేశావట. దానికి అంత బాధ దేనికిరా? లోపం నీ ఒంట్లో లేదు. ఇన్నేళ్లూ బట్టల కొట్లో గుడ్డ కొలిచి, కటింగ్ మాస్టర్ల పక్కన కూర్చుని పని చూసినవాణ్ణి, నాకు తెలిసింది చెప్తాను విను.

ముందు ఆ అంకె సంగతి. ఫుల్‌హ్యాండ్ ఫార్మల్ షర్టు కాలరు మీద 38, 39, 40, 42 అని ఉంటుంది చూడు, అది చాతీ కొలత అనుకుంటారు చాలామంది. మామూలుగా అది మెడ చుట్టుకొలత, సెంటీమీటర్లలో. 39 అంటే సుమారు 15.5 అంగుళాల కాలరు. ఆ మెడ ఉన్న మనిషికి ఇంత చాతీ, ఇంత పొట్ట ఉంటాయని కంపెనీవాళ్లు ఒక లెక్క వేసుకుని బట్ట కోస్తారు. నువ్వు పొడుగు, సన్నం. మెడకి సరిపోయింది తీసుకుంటే నడుము దగ్గర బట్ట వేలాడుతుంది. నడుముకి సరిపోయింది తీసుకుంటే చేతులు మణికట్టు పైనే ఆగిపోతాయి. స్లిమ్ ఫిట్ అని రాసి ఉన్నవాటిలో కొంత నయం, కానీ ఒక కంపెనీ స్లిమ్‌కీ ఇంకో కంపెనీ స్లిమ్‌కీ పొంతన ఉండదు. వేసుకుని చూడకుండా ఏదీ కొనకు.

వేసుకున్నాక మొదట చూడాల్సింది భుజం. భుజం చివర ఎముక చేత్తో తడిమి చూడు, చేతి కుట్టు సరిగ్గా అక్కడ కూర్చోవాలి. కిందకి జారితే ఆ చొక్కా అక్కడే పెట్టేసి వచ్చెయ్, ఎంత మంచి గుడ్డయినా సరే. పక్క కుట్లు లోపలికి పట్టించొచ్చు, వీపు మీద రెండు డార్టులు (బట్టని లోపలికి మడిచి వేసే కుట్లు) వేయించొచ్చు, చేతుల పొడవు తగ్గించొచ్చు. భుజం సరిచెయ్యాలంటే మాత్రం చేతులు ఊడదీసి చంక మళ్లీ కొయ్యాలి. అంత పని చేసినా మునుపటి తీరు రాదు.

భుజం తర్వాత చంక. దీన్ని ఎవరూ పట్టించుకోరు, సన్నవాళ్లకి అసలు తేడా ఇక్కడే ఉంది. చంక కిందకి దిగి ఉంటే చెయ్యి సులువుగా ఆడుతుందని అనుకుంటాం. అద్దం ముందు నిలబడి చొక్కా టక్ చేసుకో. బస్సులో పై కడ్డీ పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తు. చంక దిగిపోయి ఉంటే చేతితో పాటు చొక్కా మొత్తం లేచి, ప్యాంటులోంచి బయటికి వచ్చేస్తుంది. చెయ్యి దించాక ఆ బట్ట నడుము చుట్టూ మూటలా నిలిచిపోతుంది. చంక పైకి, ఒంటికి దగ్గరగా కోసిన చొక్కాలో చెయ్యి ఒక్కటే కదులుతుంది, మిగతాది కదలదు. బట్ట చంకలో ఒరుసుకోకుండా ఒక అంగుళం జాగా ఉంటే చాలు.

చాతీ దగ్గర ఒంటి కొలత మీద 4 అంగుళాలు వదులు ఉంచుకో. వదులు చొక్కా వేస్తే నిండుగా కనిపిస్తామన్నది భ్రమ, ఇంకా సన్నగా కనిపిస్తాం. అలాగని బిగుతుగా కుట్టించుకుంటే, మీ బరంపురం ఉక్కకి చెమట పట్టి వీపుకి అంటుకుపోతుంది, గుండీల మధ్య బట్ట నోరు తెరుస్తుంది.

కుట్టు బాగుందో లేదో తెలియాలంటే చొక్కా తిరగేసి లోపల చూడు. ఒక అంగుళంలో కుట్లు లెక్కపెట్టు. 10 ఉంటే వదిలెయ్, 14 దాటితే మంచిది, 18 ఉంటే శ్రద్ధగా కుట్టినట్టు. పక్క కుట్టులో అంచులు లోపలికి మడిచి మూసేసి ఉంటే ఎన్ని ఉతుకులకైనా పోగులు లేవవు. గళ్ల చొక్కా అయితే గుండీ పట్టీ దగ్గర, జేబు దగ్గర గళ్లు కలిశాయా అని చూడు. కలపడానికి బట్ట ఎక్కువ పడుతుంది, అందుకే చాలామంది కలపరు.

నన్నడిగితే నీకు కుట్టించుకోవడమే మేలు. 58 అంగుళాల పన్నా, అంటే వెడల్పు, ఉన్న గుడ్డయితే ఫుల్‌హ్యాండుకి 1.60 మీటర్లు అంటారు, నీ పొడుగుకి 1.75 తీసుకో. 36 పన్నా అయితే రెండున్నర మీటర్లు. గళ్లయితే ఇంకో పావు మీటరు. రోజువారీకి కాటన్ పాప్లిన్ హాయిగా ఉంటుంది. శ్రీకాకుళం వైపు వస్తే పొందూరు ఖాదీ ఒకటి తీసుకోరా. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో ఏకి, సన్నటి నూలు వడుకుతారు. గంజి పెట్టిన ఖాదీ ఒంటికి అంటుకోకుండా నిలబడుతుంది, సన్నవాళ్లకి భలే నప్పుతుంది. ఏ కాటనైనా ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేశాకే టైలరుకి ఇవ్వు.

బరంపురంలో తెలుగు వచ్చిన మాస్టర్లు ఉంటారు, మొహమాటపడకుండా నీకు కావల్సింది చెప్పు. భుజం సరిపోయిన పాత చొక్కా ఉంటే ఆదికి ఇవ్వు, కానీ ఒంటి మీద కూడా కొలతలు తీయమను. చంక పైకి పెట్టమను. హాఫ్‌హ్యాండ్ అయితే చేతి మూతి తగ్గించమని గట్టిగా చెప్పు, మామూలుగా పెట్టే వదులు నీ చేతులకి పనికిరాదు. కాలరు గుండీ పెట్టాక రెండు వేళ్లు దూరితే చాలు. కాజాలు కొట్టకముందే ఒకసారి ట్రయల్ ఇమ్మను. దానికి ఓ వంద ఎక్కువడిగినా బేరమాడకు. దసరా ముందు, ఒడియావాళ్ల రజో పండగ ముందు మాత్రం ఇవ్వకు, ఆ తొందరలో ఎంత మంచి మాస్టరైనా నీ మీద దృష్టి పెట్టలేడు.

నాలుగు గుడ్డలు కొన్నా మొదట ఒక్కటే కుట్టించు. రెండుసార్లు ఉతికి, ఆఫీసుకి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వేసుకో. కూర్చున్నప్పుడు, చెయ్యి చాపినప్పుడు ఎక్కడ లాగుతోందో నీకే తెలుస్తుంది. అది మాస్టరుకి చూపించి సరిచేయించాకే మిగతా మూడూ ఇవ్వు. కొలతల చీటీ ఫోటో తీసి నాకు పంపు, చూసి చెప్తాను.

ఇట్లు,
మీ మావయ్య