వైజాగ్‌లో కచేరీలు, నాటకాల సంగతి ముందుగా ఎలా తెలుస్తుంది?

మధురవాడకి ఉద్యోగం మీద కొత్తగా వచ్చినాయన అడిగారు: "యాప్‌లో చూస్తే స్టాండప్ కామెడీ, డీజే నైట్లు తప్ప ఏమీ కనపడటం లేదు. వైజాగ్‌లో కచేరీలు, నాటకాలు జరగవా? జరిగితే ముందే తెలిసే దారేది?"

జరుగుతాయండీ, బోలెడు. టికెట్ లేదు గనక యాప్‌లో కనపడవు. వాడికి రూపాయి మిగలని దాన్ని వాడెందుకు పెడతాడు? ఈ ఊళ్ళో వినదగ్గవన్నీ "ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే" అన్న కార్డుల మీదే ఉంటాయి. డబ్బులు పోసి వెళ్ళిన వాటిలో నాకు గుర్తుండిపోయింది పార్కింగ్ గొడవ ఒక్కటే.

పేపరు జిల్లా ఎడిషన్లో మూలన చీమతలకాయంత అక్షరాల్లో ఆ రోజు కార్యక్రమాలు వేస్తారు, ముందు అది చూడండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి అప్పుడప్పుడూ వెళ్తూ ఉండండి, సాహిత్య సభలన్నీ అక్కడే తగుల్తాయి. సంగీతం, నాట్యం కావాలంటే మద్దిలపాలెం వైపు పిఠాపురం కాలనీలో కళాభారతి ఉంది. నాటకాలకి సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం. ఏదో ఒకదానికి వెళ్ళి, అయ్యాక నిర్వాహకుల్లో ఒకరి చేతిలో మీ నంబరు పెట్టి రండి. ఇక మీ ఫోన్‌కి ఆహ్వానాలు వస్తూనే ఉంటాయి, వద్దన్నా ఆగవు.

అయితే కార్డు చదవడం కూడా రావాలి. "సాయంత్రం 6 గంటలకు" అని ఉంటే అది జ్యోతి వెలిగించే టైము. తర్వాత అధ్యక్షులవారి తొలిపలుకులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ఆపైన సన్మానాలు. మీరు వచ్చిన అసలు సంగతి కార్డులో అట్టడుగున "అనంతరం" అన్న మాట పక్కన ఉంటుంది. ఆ "అనంతరం" ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

మా మావయ్యది భీమిలి. పద్యనాటకం అంటే అన్నం నీళ్ళూ అక్కర్లేని మనిషి. ఆయనతో ఓసారి రాయబారం సీను చూడ్డానికి వెళ్ళాను. సంస్థ పేరు, హాలు పేరు వద్దులెండి. ముఖ్య అతిథి రావడమే గంట ఆలస్యం. వచ్చాక తన చిన్నప్పుడు ఊళ్ళో చెరువులో ఈదిన సంగతులు మొదలెట్టాడు. నేను తట్టుకోలేక బయటికొచ్చి టీ బడ్డీ దగ్గర నిలబడ్డాను. పక్కనే శ్రీకృష్ణుడు. మొహానికి నీలం రంగు, చంకలో కిరీటం, పెదాల రంగు చెరగకుండా గ్లాసు పైకెత్తి టీ పోసుకుంటున్నాడు.

"ఏటి బాబూ, శాలువాలకి ఇంకా ఎంతమందున్నారేటి?"

"ఇంకో నలుగురున్నట్టున్నారండీ."

"అయితే ఇంకో టీ ఎయ్యి," అన్నాడు బడ్డీవాడితో. దుర్యోధనుడు వెనకాల ప్లాస్టిక్ కుర్చీలో గద ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్నాడు.

తెర లేచేసరికి తొమ్మిది దాటింది. అతిథి వెళ్ళిపోయాడు, ఆయనతో వచ్చిన పటాలం వెళ్ళిపోయింది, సన్మానాలు చేయించుకున్నవాళ్ళూ వాళ్ళ చుట్టాలూ శాలువాలు మడతపెట్టుకుని వెళ్ళిపోయారు. మిగిలింది మాలాంటి ముసలీ ముతకా. పదింటికి హాలు అప్పజెప్పాలి గనక "పద్యాలు తగ్గించండి" అని నిర్వాహకులు స్టేజి మీదికి చీటీ పంపారు. మన కృష్ణుడు, ఆ మహానుభావుడు, చీటీ చదివి మడిచి దట్టీలో దోపుకున్నాడు. హార్మోనియం ఆయన వైపు ఒక్క చూపు చూసి పద్యం ఎత్తుకున్నాడండీ! చివర రాగం తీశాడు చూడండి, దుర్యోధనుడు తన పాట మర్చిపోయి వింటున్నాడు. మా మావయ్య లేచి నిలబడి "వన్స్ మోర్!" ముందు వరసంతా అదే కేక. మళ్ళీ అదే పద్యం, రాగం మాత్రం ఇంకో దారిలో. హార్మోనియం ఆయన నవ్వుకుంటూ వెంట పరిగెత్తాడు. ఎవరో మైకు కట్టేశారు. కృష్ణుడు స్టేజి అంచుకొచ్చి మైకు లేకుండానే అందుకున్నాడు. చివరి వరసలో కూర్చున్న వాచ్‌మన్‌కి కూడా అక్షరం అక్షరం వినపడింది. "చూశావా అల్లుడూ, మైకొచ్చాకే గొంతులు పాడైపోయాయి," అని మావయ్య భీమిలి దాకా అదే మాట.

అప్పట్నించీ నా లెక్క ఒకటే. కార్డు మీద అతిథుల పేర్లు ఎన్ని ఎక్కువుంటే అంత ఆలస్యంగా వెళ్ళాలి. అసలు పేర్లే లేకపోతే అరగంట ముందే వెళ్ళి ముందు వరసలో కూర్చోవాలి. ఇది ఎప్పుడూ తప్పలేదు.

ఇంకో మంట ఉంది నాకు. తప్పెటగుళ్ళు మన ఉత్తరాంధ్ర సొత్తు. గుండెలకి రేకు గుళ్ళు కట్టుకుని, వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ ఆడే కళ. రాత్రంతా కథ నడపగల మనుషుల్ని తెచ్చి, మంత్రిగారు కారు దిగి స్టేజి ఎక్కేదాకా ఐదు నిమిషాలు వాయించి వెళ్ళిపొమ్మంటారు. అరకు గిరిజనుల థింసా నృత్యానికీ అదే గతి. ఒక్క సాయంత్రం పూర్తిగా వాళ్ళకి ఇస్తే ఏం పోయింది?

సరే, క్యాలెండరు అడిగారు కదా. డిసెంబరులో కళాభారతి మీద కన్నేసి ఉంచండి, విశాఖ మ్యూజిక్ అండ్ డాన్స్ అకాడమీ వార్షికోత్సవాలు ఆ నెలలోనే. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన, ఎక్కడో ఒకచోట ఆయన పంచరత్న కీర్తనలు వినపడతాయి. మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి ఉత్సవాలు. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు మొదలయ్యేది సింహాచలం గిరి ప్రదక్షిణ, కొండ చుట్టూ 32 కిలోమీటర్ల నడక. దారి పొడుగునా భజనలు ఊరికే వినొచ్చు, కాళ్ళు మీవి. దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. అన్నట్టు విజయనగరం ఎంతో దూరం కాదు. 1919లో సంగీత కళాశాల పెట్టి హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరది. వైజాగ్ వాళ్ళం అటు తిరిగి చూడం, హైదరాబాద్‌లో ఏం జరుగుతోందో మాత్రం ఫోన్లో చూస్తాం.

నేవీ డే తేదీని నమ్ముకోకండి. డిసెంబరు 4 అంటారు గానీ పెద్ద వేడుక 2023లో సింధుదుర్గ్‌కీ 2024లో పూరీకీ వెళ్ళిపోయింది. మన ఆర్కే బీచ్‌లో విన్యాసాలు 2025 జనవరి 4న చేశారు. ఎప్పుడు చేసినా ముందు రోజుల్లో రిహార్సల్స్ ఉంటాయి, వాటికే వెళ్ళండి. అవే ఓడలు, అవే హెలికాప్టర్లు, జనం తక్కువ. విశాఖ ఉత్సవ్ అయితే ప్రభుత్వం వారి దయ, ప్రకటించిన రోజే నమ్మాలి.

సినిమా పాటల లైవ్ షోలు యాప్‌లోనే ఉంటాయి, దానికి నా సలహా అక్కర్లేదు. మధురవాడ నుంచి వస్తున్నారు గనక ఒక్క మాట: తిరుగు బస్సు టైము ముందే కనుక్కోండి. రాత్రి పూట ఆటోవాడు చెప్పే రేటుకి కచేరీలో విన్నదంతా దిగిపోతుంది.