కత్తెర పట్టకముందే చదువు

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఉద్యోగం మానేస్తున్నావని, దసరా నాటికి సొంతంగా కలంకారీ జాకెట్లు, పొడుగు కోట్లు కుట్టించి హైదరాబాదులో ఎగ్జిబిషన్ పెడతావని చెప్పాడు. చెబుతుంటే వాడి గొంతు వణికింది. "నువ్వైనా వద్దని చెప్పక్కా" అన్నాడు. నేను చెప్పను. ముప్పై ఏళ్లు నెల్లూరులో మిషను తొక్కి బతికినదాన్ని. నా మేనకోడలు మెడలో టేపు వేసుకుంటానంటే వద్దని ఎలా అంటాను? కానీ తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. సంతోషం ఎంత ఉందో భయమూ అంతే ఉంది. లేచి దీపం పెట్టి, ఇదిగో ఇలా రాయడానికి కూర్చున్నాను.

ముందు ఎండ సంగతి. ఇప్పుడు జ్యేష్ఠం నడుస్తోంది. దసరాకి ఇంకా నాలుగు నెలలుందని లెక్కేసుకుని ఉంటావు. ఆ లెక్క ఆఫీసులో కూర్చున్నవాళ్లది, బట్టది కాదు. కలంకారీకి అడుగడుగునా ఎండ కావాలి. కోరా బట్టని పేడనీళ్లలో నానబెట్టి తెల్లబరచాలి, ఎండబెట్టాలి. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి మళ్లీ ఎండబెట్టాలి. ఆ పాలలో ఉన్న కొవ్వు వల్లే కలంతో గీసిన గీత పాకకుండా నిలబడుతుంది. తర్వాత నల్ల గీతలు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు. పారే నీళ్లలో జాడించి, చిరివేరు, మంజిష్ఠ లాంటివి వేసి ఉడకబెడితే అప్పుడు ఆ పటిక పూసిన చోట ఎరుపు పైకి తేలుతుంది. ఆ తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం. ఒక్కో రంగుకీ ఒక ఉతుకు, ఒక ఎండ. వానాకాలంలో కలంతో గీసే శ్రీకాళహస్తిలో అయినా, అచ్చులు వేసే పెడనలో అయినా పని సగానికి పడిపోతుంది. మన నెల్లూరు, కాళహస్తి వైపు అసలు వానలు ఆశ్వయుజంలో, కార్తీకంలో దంచుతాయని నీకు తెలుసు. చిన్నప్పుడు దీపావళికి ఎన్నిసార్లు మన టపాకాయలు తడిసిపోలేదు! కాబట్టి ఈ నెల దాటకుండా బట్ట ఆ పనివాళ్ల చేతిలో పెట్టు. ముసురులో తొందరపెడితే సరిగా జాడించకుండా, సరిగా ఆరకుండా ఇచ్చేస్తారు. వేసుకున్న అమ్మాయి మొదటిసారి ఉతకగానే ఎరుపంతా లైనింగు మీదికి దిగుతుంది. వాళ్లని తప్పుపట్టడానికి కూడా ఉండదు, తొందరపెట్టింది మనమే కదా.

ఇరవై నాలుగు డిజైన్లన్నావట. ఆరు చాలు. మాట వినవే తల్లీ, ఆరు.

పోయిన నెల నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఏవో చలి దేశాల వీధులు, ఎర్రబడిన ఆకులు, ఉన్ని కోట్లు, మోకాళ్ల దాకా బూట్లు. "ఈ ఫాల్ లుక్ నుంచే నా ఐడియా అత్తా" అని కింద రాశావు. ఫాల్ అంటే వాళ్ల శరత్తు. బాగున్నాయి. కానీ హైదరాబాదులో అక్టోబరు మధ్యాహ్నం ఎండ చుర్రుమంటుంది, సాయంత్రం జల్లు పడుతుంది, రాత్రికి కాస్త చల్లబడుతుంది. ఒకే రోజులో మూడు కాలాలు. మన శరత్తుకి కావాల్సింది పొద్దున వేసుకుని, మధ్యాహ్నం విప్పి చేతి మీద వేసుకుని, రాత్రి బతుకమ్మ దగ్గర మళ్లీ తొడుక్కునే జాకెట్టు. పల్చటి మంగళగిరి నూలు మీద కుట్టు. భుజాలకీ వీపుకీ మాత్రం లైనింగు వెయ్యి, చేతులకి వద్దు.

రంగుల కోసం అంత దూరం ఎందుకు వెళ్లావో నాకు అర్థం కాలేదు. ఆ ఫొటోల్లో ఉన్న ఇటుక ఎరుపు, ఆవపసుపు, మసి నలుపు మన దగ్గర లేనివా? చిరివేరు ఎరుపు, దానిమ్మ తొక్క పసుపు, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరితే వచ్చే నలుపు. అవే ఇవి. పైగా ఇది ఆ చలి దేశాలవాళ్లకి కొత్తా కాదు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నం వచ్చి కొట్లు పెట్టింది ముఖ్యంగా మన కోస్తా అద్దకం బట్టల కోసం. అక్కడి మగవాళ్లు ఇంట్లో వేసుకునే పొడుగు అంగీలు, ఆడవాళ్ల గౌన్లు ఆ బట్టతో కుట్టుకున్నారు. హాలెండులో హిండెలోపెన్ అనే చిన్న ఊరి ఆడవాళ్ల పొడుగు కోటు కూడా మన దేశం నుంచి వెళ్లిన పూల బట్టతోనే కుట్టేవాళ్లు. ఎంత మోజు పడ్డారంటే, వాళ్ల నేతగాళ్ల పొట్ట కొడుతోందని ఫ్రాన్సు 1686లో దీన్ని నిషేధించి 1759 దాకా ఎత్తనే లేదు. ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో ఇంకా గట్టిగా నిషేధించింది. వేసుకోవడమే నేరమైనా వేసుకున్నారు! కోటు మీద కలంకారీ నప్పుతుందా అని నిన్నెవరైనా అడిగితే ఇది చెప్పు.

ఇంకొకటి. ఈ నాలుగు నెలల్లో ఒక్క ఆదివారం లేపాక్షి వెళ్లు. గుడి లోపల తలెత్తి కప్పు చూడు, మెడ నొప్పెట్టినా సరే. విజయనగర కాలపు బొమ్మల్లో ఆడవాళ్ల చీరలు, ఒకరి అంచు ఇంకొకరికి లేదు. గళ్లు, చారలు, తీగలు. మగవాళ్ల నెత్తిన పొడుగు కుళ్లాయిలు. ఎవరు ఏ రంగు పక్కన ఏ రంగు కట్టారో నోటుబుక్కులో రాసుకో, ఫోన్లో కాదు. చేత్తో గీస్తేనే చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది. వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి రెల్లు పూస్తుందేమో చూడు. ఆ తెలుపు కూడా ఒక రంగే. మీ బతుకమ్మలో తంగేడు పసుపు పక్కన గునుగు పెట్టినట్టు పసుపు బట్టకి తెల్ల పైపింగు వేసి చూడు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. ఇది ఇంతవరకూ మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు.

1994. నా షాపు పెట్టి ఐదేళ్లు. ఊళ్లో నాకు పేరు ఎందుకొచ్చిందంటే, నేను బట్ట మిగులుస్తాను. ఇంకొకరు రెండున్నర మీటర్లు అడిగే చోట రెండింటిలో తెమిల్చేదాన్ని. ఆ మిగిలిన ముక్క మడతపెట్టి తిరిగి ఇస్తుంటే ఆడవాళ్ల ముఖాల్లో కనబడే ఆనందం నాకు గర్వం. నువ్వు కాలేజీలో గుడ్డ వృథా కాకుండా కొయ్యడంలో ఫస్ట్ వచ్చావని మీ నాన్న చెప్పినప్పుడు అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను, కానీ నాకు అప్పట్లో జరిగిన ఈ సంగతే గుర్తొచ్చింది.

ఒక లెక్చరరు గారు వచ్చారు. ఆమె కూతురు చదువుకి అమెరికా వెళ్తోంది. అక్కడ సెప్టెంబరు దాటితే చలి మొదలవుతుందని, మన బట్టతో ఒక పొడుగు కోటు కుట్టివ్వమని మూడు మీటర్ల బట్ట తెచ్చారు. శ్రీకాళహస్తిలో చెప్పి వేయించిన కలంకారీ. అశోకవనం. చెట్టు కింద సీతమ్మ, చుట్టూ రాక్షస స్త్రీలు, కొమ్మ మీద హనుమంతుడు. బల్ల మీద పరిస్తే గేదెపాల వాసన ఇంకా పోలేదు. ఎంత బాగుందో అని అన్నాను కూడా. అని, నాలుగు మడతలు పెట్టాను.

మడత పెడితే బొమ్మ లోపలికి వెళ్లిపోతుంది చిన్నీ. నాకు పైన కనబడింది వట్టి బట్ట, దాని మీద నా సుద్ద గీతలు. వీపు ఇక్కడ, ముందు పలకలు ఇక్కడ, చేతులు ఈ మూల. ముప్పాతిక మీటరు మిగులుతోందని చూసుకుని మురిసిపోయాను. కత్తెర వేశాను. విప్పి చూస్తే సీతమ్మ ముఖం రెండు ముక్కలు. కన్నూ చెంపా చంక కిందికి వచ్చాయి. మిగతా సగం ఆ మిగిలిన ముక్కలో ఉండిపోయింది. హనుమంతుడు తలకిందులుగా చెయ్యి అంచులో ఉన్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆగలేదు. భయపడి, ఏమీ జరగనట్టు కుట్టేశాను. ఇస్త్రీ చేసి, మిగిలిన ముక్క మడతపెట్టి ఇచ్చాను. ఆమె కోటు రెండు వైపులా తిప్పి చూశారు. కోప్పడలేదు. "అమ్మాయ్, సీతమ్మ ముఖం ఏది?" అని అడిగారు. ఆ గొంతు ఇప్పటికీ వినబడుతుంది. డబ్బు తీసుకోలేదని వేరే చెప్పక్కర్లేదు కదా.

మర్నాడు కోటంతా విప్పి, ముక్కలు సంచిలో పెట్టుకుని కాళహస్తి బస్సెక్కాను. ఆ బట్ట వేసినాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన చాప మీద ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు, ఎక్కడిదక్కడ, ఒక్కసారి కూడా తడుముకోకుండా. నేను తిట్లు తినడానికి సిద్ధపడి కూర్చున్నాను. ఆయన చాలాసేపు చూసి, "కోటు వీపు వెడల్పెంత?" అన్నాడు. పదహారంగుళాలన్నాను. "ఆ మాట ముందే చెప్పుంటే, సీతమ్మని ఆ పదహారంగుళాల్లోనే కూర్చోబెట్టేవాణ్ణి గదమ్మా" అన్నాడు. నాకప్పుడు ఏడుపొచ్చింది.

మళ్లీ వేశాడు. ఈసారి నేను కాగితం కోసి పట్టుకెళ్లాను. ఆ కోటు అమెరికా చేరేసరికి వాళ్ల చలికాలం సగం అయిపోయింది.

అందుకని చేత్తో గీసే బట్టకి ఇలా చెయ్యి. ముందు డ్రెస్సు కాగితం మీద పూర్తిగా ఖాయం చేసుకో. కొలతలు మారవని తేలాక, కోరా బట్టని ఒకసారి ఉతికి కుంచించుకోనిచ్చి, దాని మీద వీపు పలక హద్దు గుర్తుపెట్టు. సుద్దతో కాదు, మొదటి జాడింపులోనే పోతుంది. తెల్ల నూలు దారంతో కచ్చా కుట్టు వెయ్యి. ఉడికేటప్పుడు ఇంకాస్త కుంచించుకుంటుంది కాబట్టి చుట్టూ రెండంగుళాలు వదులు. కుట్లు ఎక్కడ వస్తాయో, జేబు ఎక్కడ పడుతుందో ఆయనకి చూపించు. ముఖాలు, చేతులు, పాదాలు ఆ గీతల దగ్గరికి రాకుండా ఆయనే సర్దుకుంటాడు. దేవుళ్ల బొమ్మలు నడుం కిందికి రాకుండా చూడు. కూర్చునే చోట సీతమ్మ వద్దు. నీకు ఇది పాతకాలం మాటలా అనిపించొచ్చు, అయినా నా మాట ఉంచు. ఆరు డిజైన్లలో రెండే చేతి కలంవి పెట్టుకో, అదీ వీపు పలక ఒక్కటే. మిగతా నాలుగూ పెడన అచ్చు బట్ట తీసుకో. టేకు అచ్చుతో వేసిన పువ్వు మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి అక్కడ నీ ఫస్ట్ ర్యాంకు కటింగ్ హాయిగా చూపించుకోవచ్చు.

కుట్టు నల్ల గీత మీద పడనివ్వకు. ఆ ఇనుము నలుపు ఏళ్లు గడిచేకొద్దీ నూలుని తినేస్తుంది, పాత కలంకారీలు ముందు చిరిగేది అక్కడే. లైనింగు ముందే తడిపి ఆరబెట్టు. పాలియెస్టరు కలిసిన బట్ట అసలు వద్దు, ఈ రంగులు దానికి పట్టవు. చేత్తో గీసింది, అచ్చు వేసింది, స్క్రీన్ ప్రింటు, ఏది అయితే అదే చీటీ మీద రాయి. చల్లటి నీళ్లు, కుంకుడు రసం, నీడన ఆరబెట్టడం అని కూడా రాయి. పనివాళ్లకి అడ్వాన్సు సగం ఇవ్వు, మిగతా సగం బట్ట అందిన రోజే ఇవ్వు. లెక్కలు రాత్రి పడుకునే ముందు.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానెయ్యకు, దసరా అయ్యేదాకా సెలవు దొరుకుతుందేమో అడిగి చూడు. ఈ ఒక్క విషయంలో మీ నాన్న వైపే నేను. వాడు నీ మీద కోపంతో మాట్లాడటం లేదమ్మా. నా షాపు మొదటి ఏడాది అద్దె కట్టలేక నేను గాజులు తాకట్టు పెట్టినప్పుడు విడిపించుకొచ్చింది వాడే, తన మొదటి జీతంతో. అది గుర్తుండి భయపడుతున్నాడు.

నీ ఆరేళ్లప్పుడు నా మిషను కింద కూర్చుని, రాలిన ముక్కలతో నీ బొమ్మకి పరికిణీ చుట్టేదానివి. ఏ ముక్క పక్కన ఏది పెట్టాలో నిన్నెవరూ అడగకుండానే ఎంచేదానివి. ఆ కన్ను నీకుంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

మొదటి జాకెట్టు నా కొలతలకి కుట్టు. కొలతలు వెనక పేజీలో ఉన్నాయి, ఛాతీ దగ్గర వదులుగా.

ఈ కవరులో పాత చీర పీలికలో చుట్టి రెండు ముక్కలున్నాయి. ఒకదానిలో కన్నూ చెంపా, ఇంకోదానిలో మిగతా సగం. ఇన్నేళ్లూ నా కత్తెర పెట్టెలో అడుగున ఉన్నాయి. ఆ నలుపు, ఆ ఎరుపు చూడు, నిన్న వేసినట్టున్నాయి. వాటిని కలిపి కుట్టకు, ఫ్రేము కట్టించకు. నీ కటింగ్ బల్ల సొరుగులో పెట్టుకో.

మీ అత్త,
నెల్లూరు